దాణా బస్తా నుంచి దూడ బకెట్ దాకా: మందు ఎక్కడ చొరబడుతోందో పట్టుకోవడం ఎలా

ఆవుకు సూది వేయిస్తే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది. డాక్టరు వచ్చాడు, ఇంత తీసుకున్నాడు, ఈ పూట పాలు సెంటరుకు పోయాలా వద్దా అని కనీసం ఒక మాటైనా అనుకుంటాం. దాణాలో కలిసి వచ్చే యాంటీబయాటిక్, అంటే బ్యాక్టీరియాను చంపే మందు గురించి ఎవరూ అనుకోరు. అది రోజూ కొంచెం కొంచెంగా, నెలల తరబడి కడుపులోకి పోతూనే ఉంటుంది. పశువు పేగుల్లోని బ్యాక్టీరియాను మందుకు లొంగకుండా తయారు చేసేది ఇలాంటి వాడకమే.

ఈ మార్గదర్శి పలమనేరు, వి.కోట, కుప్పం వైపు నాలుగైదు సంకర జాతి ఆవులతో పాలు పోసుకునే ఇళ్లకూ, చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల కోళ్ల షెడ్లు నడిపేవాళ్లకూ. లేబొరేటరీ లేకుండా మీ పాకలోనే చేసుకోగల పనులు ముందు, బయటి సాయం కావాల్సినవి తర్వాత చెప్తాను.

కొంచెం మందు ఎందుకు ఎక్కువ ప్రమాదం

సరైన మోతాదులో, సరైన రోజులు మందు ఇస్తే జబ్బు చేసిన బ్యాక్టీరియాలో ఎక్కువ భాగం చస్తుంది. చాలీచాలని మోతాదు ఇస్తే బలహీనమైనవి వెనక్కి తగ్గుతాయి, తట్టుకోగలిగినవి ఆ ఖాళీని ఆక్రమిస్తాయి. పైగా తట్టుకునే గుణాన్ని మోసే జన్యువులు చాలావరకు ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ చుట్టల మీద ఉంటాయి. ఒక బ్యాక్టీరియా ఆ చుట్టకు నకలు తీసి పక్కదానికి ఇచ్చేస్తుంది. పక్కది వేరే జాతిదైనా సరే. ఒకే చుట్ట మీద నాలుగైదు మందులను తట్టుకునే జన్యువులు కలిసి ఉండొచ్చు కాబట్టి, మీరు టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఒక్కటే వాడినా మిగతా మందులకు లొంగని బ్యాక్టీరియా కూడా దాంతోపాటే పెరుగుతుంది.

స్టూవర్ట్ లెవీ అనే శాస్త్రవేత్త అమెరికాలో బోస్టన్ దగ్గర ఒక ఫారంలో కోళ్ల మేతలో టెట్రాసైక్లిన్ కలిపి చూశారు. వారం తిరిగేసరికి ఆ కోళ్ల పేగుల్లో దాదాపు అంతా ఆ మందుకు లొంగని బ్యాక్టీరియానే. నెలలు గడిచాక ఆ ఫారంలో ఉండే కుటుంబం మలంలోనూ అవే కనిపించాయి, వాళ్లు ఆ మందు మింగకపోయినా. ఈ ఫలితాలు 1976లో అచ్చయ్యాయి.

మేతలో యాంటీబయాటిక్ కలిపే అలవాటు పుట్టిన చోట మనవాడి పేరు కూడా వినిపిస్తుంది. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ బయటపడింది అమెరికాలోని లెడర్లీ కంపెనీలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అక్కడ పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్న కాలంలో. ఆయన 1948లో కన్నుమూశారు. ఆ వెంటనే అదే కంపెనీలో జ్యూక్స్, స్టోక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు తొందరగా బరువు పెరుగుతున్నాయని గమనించారు. ఇంకేముంది, మందు మేతైపోయింది. యూరప్ దేశాలు ఎదుగుదల కోసం యాంటీబయాటిక్ కలపడాన్ని 2006 జనవరి నుంచి పూర్తిగా ఆపేశాయి. మన దేశంలో కొలిస్టిన్‌ను ఆహార పశువులకు, కోళ్లకు, చేపలకు, దాణాకు వాడకూడదని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది. ఏ మందూ పని చేయని రోగికి ఆసుపత్రుల్లో చివరగా ఎక్కించే మందుల్లో కొలిస్టిన్ ఒకటి. దాన్ని మనం కోడిపిల్లలకు పెట్టుకున్నాం!

మొదటి పని: నాలుగు దారులు రాసుకోండి

పాత నోటుబుక్కు ఒకటి చాలు. మందు పాకలోకి వచ్చే ముఖ్యమైన దారులు నాలుగు: దాణా, తాగే నీళ్లు, సూది లేదా చన్నులోకి ఎక్కించే ట్యూబు, దూడకు పోసే పాలు. ఒక్కో దారికి ఒక పేజీ కేటాయించండి. ఏ తేదీన, ఏ పశువుకు, ఏ మందు, ఎంత, ఎవరు రాశారు, ఆఖరి మోతాదు ఎప్పుడు అన్నది రాయండి. చాలామంది సూది పేజీ ఒక్కటే నింపి మిగతావి ఖాళీగా వదిలేస్తారు. అసలు వెతకాల్సింది ఆ ఖాళీ పేజీల్లోనే.

రెండో పని: బస్తా మూతి దగ్గర కుట్టిన చీటీ చదవండి

దాణా బస్తా మూతి కుట్టులో ఒక చీటీ కలిపి కుడతారు. విప్పేటప్పుడు దారంతోపాటు లాగి పారేస్తాం. పారేయకుండా నోటుబుక్కులో అంటించండి. ప్రొటీన్, కొవ్వు, పీచు శాతాలు, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు దాని మీదే ఉంటాయి. అదనంగా కలిపినవి అన్న చోట ఈ పేర్లు వెతకండి: క్లోర్‌టెట్రాసైక్లిన్ లేదా సీటీసీ, ఆక్సీటెట్రాసైక్లిన్, బాసిట్రాసిన్ లేదా బీఎండీ, టైలోసిన్, లింకోమైసిన్, వర్జీనియామైసిన్, ఎన్రామైసిన్, కొలిస్టిన్. వీటిలో ఏది కనిపించినా అది మందు కలిపిన మేతే.

మోనెన్సిన్, సాలినోమైసిన్ కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. కోళ్లలో రక్తపారుడు రాకుండా కలిపేవి అవి, మనుషుల వైద్యంలో లేవు. కాకపోతే గుర్రాలకు అవి విషం, కాబట్టి కోళ్ల మేత వేరే పశువులకు పోయకండి.

చిక్కంతా దాణాలో కలుపుకోమని ఇచ్చే ప్రీమిక్స్ పొట్లాలతో. ఖనిజ లవణ మిశ్రమం, టానిక్, లివర్ పౌడర్, గ్రోత్ ప్రమోటర్ అని రకరకాల పేర్లతో షాపులో ఇస్తారు. పేరు కాదు, వెనకవైపు చిన్న అక్షరాలు చూడాలి. లోపల ఏముందో రాయని పొట్లం కొనకండి. అంతే.

మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు. తమిళనాడు మేతా, కర్ణాటక మేతా మన షాపుల్లో దొరుకుతాయి. డీలర్‌ను ఇలా అడగండి: “అన్నా, ఈ మేతలో యాంటీబయాటిక్ లేదని బిల్లు మీద రాసి సంతకం పెట్టిస్తావా?” లేదని నోటితో చెప్పడానికి ఎవరూ వెనకాడరు. రాసివ్వమన్నప్పుడు నసిగితే మీకు జవాబు దొరికినట్టే.

ప్రతి కొత్త బ్యాచ్ నుంచి అర కిలో తీసి పెట్టుకోండి. ఒకే బస్తా పైనుంచి కాదు, నాలుగైదు బస్తాల్లో పైనా మధ్యనా అడుగునా తీసి కలిపి, పొడి డబ్బాలో మూసి, తేదీ, బ్యాచ్ నంబరు రాసి చీకటిగా ఉండే చోట దాచండి. తర్వాత గొడవ వస్తే పరీక్షకు పంపడానికి అదొక్కటే మిగులుతుంది.

మిక్సర్‌లో మేత కలిపించుకునేవాళ్లు ఒకటి గమనించాలి. మందు కలిపిన కోళ్ల మేత తర్వాత అదే మిక్సర్‌లో మీ ఆవుల దాణా కలిపితే, మూలల్లో, గొట్టాల్లో మిగిలిన పొడి మీ బస్తాలోకి వస్తుంది. మీ వంతు ముందుగా పెట్టించుకోండి. కుదరకపోతే కొంత తవుడు వేసి ఒకసారి తిప్పించి, ఆ తవుడు పక్కన పారేయించి, తర్వాత కలిపించండి.

సొంతంగా కలుపుకోవడం అన్నిటికంటే నిశ్చింత. నూరు కిలోలకు మొక్కజొన్న నూక 35, వేరుశనగ చెక్క 30, తవుడు 32, ఖనిజ లవణ మిశ్రమం 2, ఉప్పు 1. వేరుశనగ చెక్క మనకు దగ్గర్లోనే దొరుకుతుంది కానీ బూజు పట్టింది కొనకండి. బూజులోని అఫ్లాటాక్సిన్ పాలల్లోకి దిగుతుంది, అది ఇంకో తలనొప్పి.

మూడో పని: దూడ బకెట్

నన్నడిగితే మన పాకల్లో అన్నిటికంటే పెద్ద తప్పు ఇక్కడే జరుగుతోంది, అదీ మంచి ఉద్దేశంతో. పొదుగువాపు వచ్చిన ఆవుకు మందు నడుస్తుంటుంది. ఆ పాలు సెంటరుకు పోయకూడదని తెలుసు. పారబోయడానికి మనసు రాదు. “దూడ తాగుతుందిలే” అని బకెట్ అటు జరుపుతారు.

ఆ బకెట్‌లో ఉన్నది సరిగ్గా చాలీచాలని మోతాదు. దూడ పేగుల్లో బ్యాక్టీరియా అప్పుడప్పుడే స్థిరపడుతూ ఉంటుంది. ఇలాంటి పాలు తాగిన దూడల పేడలో మందులకు లొంగని ఈ.కోలై అనే పేగు బ్యాక్టీరియా ఎక్కువగా ఉంటోందని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2017లో పరిశోధనలన్నీ పరిశీలించి తేల్చింది. మూడు వారాల తర్వాత అదే దూడ పారుకుంటే డాక్టరు రాసిన మందు పని చేయకపోవచ్చు. రెండోది రాస్తారు. ఇంకా ఖరీదైనది రాస్తారు.

కాచి పోస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. కాస్తే బ్యాక్టీరియా చస్తుంది, మందు చావదు. పాలు కాగే వేడికి చాలా యాంటీబయాటిక్‌లు చెక్కు చెదరవు, కొన్ని కొంత తగ్గుతాయి. దూడకు మందు నడవని ఆవు పాలే పోయండి.

జున్నుపాల సంగతి వేరు. వట్టిపోయే ముందు చన్నుల్లోకి ట్యూబులు ఎక్కించిన ఆవైనా, డాక్టరు చెప్పిన గడువు పూర్తయ్యాకే ఈనితే జున్నుపాలు మానకండి. పుట్టిన రెండు గంటల్లోపే మొదటి విడత పట్టాలి. 25 కిలోల దూడకు మొదటి కొన్ని గంటల్లో రెండున్నర లీటర్లు అందాలి. గడువుకు ముందే ఈనితే డాక్టరును అడిగి, వీలైతే వేరే ఆవు జున్నుపాలు పట్టండి.

నాలుగో పని: సూది వేయాల్సి వస్తే

యాంటీబయాటిక్‌లు డాక్టరు చీటీ మీద అమ్మాల్సిన మందులు. షాపువాడు అడగడు కాబట్టి మనమూ అడగం. సెఫ్‌ట్రయాక్సోన్ ఉదాహరణ తీసుకోండి. టైఫాయిడ్‌కు ఆసుపత్రిలో మన పిల్లలకు ఎక్కించేదీ అదే, పొదుగువాపుకు ఆవులకు పొడిచేదీ అదే. మొదటిసారే దాని దాకా పోనక్కర్లేదు. ఏ మందుతో మొదలుపెట్టాలో డాక్టరుతో మాట్లాడండి.

మోతాదు బరువును బట్టి ఉంటుంది. పుంగనూరు ఆవు 200 కిలోలు దాటడం అరుదు. బాగా పెరిగిన హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకర ఆవు దానికి రెట్టింపు ఉంటుంది. రెండింటికీ ఒకే సీసా అంటే ఒకదానికి ఎక్కువ, ఇంకోదానికి తక్కువ. బరువు తూచలేకపోతే దర్జీ టేపు తీసుకోండి. ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత అంగుళాల్లో కొలిచి, దాన్ని దానితోనే హెచ్చించండి. భుజం ఎముక నుంచి పిర్ర ఎముక దాకా పొడవుతో మళ్లీ హెచ్చించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 66, పొడవు 58 అయితే సుమారు 383 కిలోలు. ఆ అంకె డాక్టరుకు చెప్పండి. ఐదు రోజులు రాస్తే, రెండో రోజుకే ఆవు నెమరు వేసిందని మీ అంతట మీరు ఆపకండి. ఆపాలనుకుంటే ఒక ఫోన్ చేయండి.

ఇక పాలు పోయకూడని గడువు. 2012 నుంచి మన మందుల నిబంధనల ప్రకారం పశువుల మందు లేబుల్ మీద ఈ గడువు రాయాలి. ఎన్ని రోజులో ప్రత్యేకంగా తేలని మందుకు పాలు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి కనీసం 28 రోజులు. లెక్కలో తప్పులు మూడు చోట్ల జరుగుతాయి.

గడువు మొదటి సూది నుంచి కాదు, ఆఖరి సూది నుంచి. మంగళవారం సాయంత్రం ఆఖరి మోతాదు, గడువు 7 రోజులు అనుకుంటే, వచ్చే మంగళవారం సాయంత్రం పాలు కూడా పక్కన పెట్టి బుధవారం ఉదయం నుంచి పోయండి. రెండు మందులు నడిస్తే ఎక్కువ గడువు ఉన్నదే లెక్క. లేబుల్‌కు మించి మోతాదు వేస్తే లేబుల్ గడువు చెల్లదు, ఎంత పెంచాలో డాక్టరే చెప్పాలి.

ఒక చన్నుకే ట్యూబు ఎక్కించాం, మిగతా మూడింటి పాలు పోయొచ్చు కదా అనే వాదన మన ఊళ్లలో మామూలే. పోయకూడదు. మందు రక్తంలో కలిసి మిగతా చన్నుల్లోకీ వస్తుంది. ఎంత తేడా చేస్తుందో చూడండి. పాలల్లో పెన్సిలిన్‌కు అనుమతించిన పరిమితి కిలోకు 4 మైక్రోగ్రాములు. ట్యూబులోని మందులో 30 మిల్లీగ్రాములు పాలల్లోకి వచ్చాయనుకోండి, అంటే 30,000 మైక్రోగ్రాములు. నాలుగుతో భాగిస్తే 7,500 కిలోల పాలు. ఒక్క ఆవు ఒక్క పూట పాలు ఊరి కూలింగ్ ట్యాంకు మొత్తాన్ని పరిమితి దాటించగలవు.

మందు నడుస్తున్న ఆవు వెనక కాలికి ఎర్ర గుడ్డ కట్టండి. పాలు పిండేది ఇవాళ మీరు, రేపు కోడలు, ఎల్లుండి కూలీ మనిషి. నోటుబుక్కు అందరూ చదవరు, ఎర్ర గుడ్డ అందరికీ కనిపిస్తుంది. ఆ ఆవును ఆఖర్న, వేరే చెంబులో పిండండి.

పెరుగు పరీక్ష, దాని హద్దులు

పెరుగు తోడుకునేది బ్యాక్టీరియా వల్లే కాబట్టి, పాలల్లో మందు ఉంటే తోడు సరిగా పడదు. అనుమానం ఉన్న పాలు ఒక గ్లాసు, మందు నడవని ఆవు పాలు ఒక గ్లాసు విడివిడిగా కాచి, గోరువెచ్చగా అయ్యాక ఒకే పెరుగు నుంచి ఒక్కో చెంచా వేసి పక్కపక్కన పెట్టండి. ఆరు నుంచి ఎనిమిది గంటల తర్వాత చూడండి. రెండోది గడ్డకట్టి మొదటిది నీళ్లగా, జారుగా ఉంటే ఆ పాలు పోయకండి.

కానీ మొదటిదీ తోడుకుంది కాబట్టి మందు లేదని మాత్రం అనుకోవద్దు. పెరుగు బ్యాక్టీరియాను అడ్డుకునేంత లేకపోయినా పరిమితి దాటి ఉండొచ్చు. గిన్నెకు అంటిన సబ్బు వల్ల కూడా తోడు చెడుతుంది. డెయిరీల్లో వాడే స్ట్రిప్‌లు నిమిషాల్లో తేలుస్తాయి. సెంటరు అతన్ని ముందే అడిగి, గడువు ముగిసిన రోజు మీ పాలు ఒకసారి పరీక్ష చేయించుకోండి. పారబోసిన పాలకంటే తిరిగొచ్చిన ట్యాంకు ఖర్చు ఎక్కువని వాళ్లకూ తెలుసు.

ఐదో పని: మందు అవసరమే తగ్గించడం

పాడి ఆవుల్లో యాంటీబయాటిక్ ఎక్కువగా పోయేది పొదుగువాపుకే. అర లీటరు నీళ్లలో బట్టల సబ్బు పొడి 15 గ్రాములు కలిపి ఉంచుకోండి. ఒక్కో చన్ను నుంచి పాలు నాలుగు వేరు గిన్నెల్లో తీసి, అంతే ద్రావణం పోసి నిమిషం పాటు తిప్పండి. జిగురు కట్టిన చన్నులో వాపు లోపల మొదలైంది, బయటికి కనిపించకపోయినా. పదిహేను రోజులకోసారి చేస్తే ముదరకముందే దొరుకుతుంది.

పిండాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచి, ఆవు ముందు మేత వేయండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట పడుతుంది, అందాకా ఆవు నిలబడే ఉండాలి. తొలి దశలో కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు నూరి, పిడికెడు ముద్దను నీళ్లలో పలచన చేసి రోజుకు పదిసార్ల దాకా, ఐదు రోజులు పొదుగంతా పూయడాన్ని జాతీయ పాడి పరిశ్రమ అభివృద్ధి సంస్థ ప్రోత్సహిస్తోంది. జ్వరం, రక్తం, ఆవు మేత మానడం ఉంటే దీనితో ఆలస్యం చేయకుండా డాక్టరును పిలవండి.

దూడ పారుకోగానే యాంటీబయాటిక్ వద్దు. చాలా పారుళ్లు వైరస్ వల్లో, మేత తేడా వల్లో వస్తాయి. ముందు ఎలక్ట్రోలైట్ నీళ్లు పట్టండి. దూడ లేవలేకపోతే, ఒళ్లు కాలిపోతుంటే అప్పుడు సూది మాట. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు టీకాలు సర్కారు వాళ్లు వచ్చినప్పుడు తప్పించుకోకండి.

కోళ్లవాళ్లకు

బ్రాయిలర్‌లో ఆఖరి మేత మార్చే రోజు ముఖ్యం. మందు లేని మేత వచ్చిందని పాత మేత మీద పోస్తే, తొట్లలో అడుగున ఉన్నదే అవి ముందు తింటాయి. తొట్లు ఖాళీ చేసి, నీళ్ల ట్యాంకు, గొట్టాలు కడిగి మొదలుపెట్టండి. గుడ్ల కోళ్లకు మందు ఇస్తే పచ్చసొనలో ఎక్కువ రోజులు ఉంటుంది, ఎందుకంటే ఒక్కో సొన పెరగడానికి దాదాపు పది రోజులు పడుతుంది. ఎన్రోఫ్లాక్సాసిన్‌ను అమెరికా 2005లోనే కోళ్లకు నిషేధించింది. మన షెడ్లలో నీళ్లలో అలవాటుగా కలిపేస్తున్నారు. జలుబు గురకకు అది మొదటి మందు కాకూడదు.

పేడ, పారబోసిన పాలు

నోటి ద్వారా ఇచ్చిన టెట్రాసైక్లిన్‌లో పెద్ద భాగం పేడలో, మూత్రంలో మారకుండానే బయటికి వస్తుంది. మందు నడుస్తున్న పశువు పేడ పచ్చిగా పొలానికి, ముఖ్యంగా ఆకుకూరలకు వేయకండి. గడ్డి, చెత్త కలిపి కుప్ప పోసి, లోపల చేయి పెట్టలేనంత వేడెక్కనిచ్చి, రెండు మూడుసార్లు తిరగేయండి. లొంగని బ్యాక్టీరియా చాలావరకు తగ్గుతుంది. మందు పాలు కాలువలోకో బావి పక్కనో కాకుండా ఆ కుప్పలోనే, పొడి చెత్త మీద పోయండి.

ఆరో పని: పరీక్షకు పంపడం

ఒకే జబ్బుకు రెండుసార్లు మందు పని చేయలేదంటే మూడోది గుడ్డిగా పొడిపించకండి. ఏబీఎస్టీ చేయించండి. ఏ మందుకు ఆ బ్యాక్టీరియా లొంగుతుందో చెప్పే పరీక్ష అది. జిల్లా పశు వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకో, తిరుపతి పశువైద్య కళాశాలకో ఎలా పంపాలో మీ ఊరి పశువైద్యుడు చెప్తారు. రైతు సేవా కేంద్రంలోనూ అడగొచ్చు, సంచార వైద్యం కావాలంటే 1962కు ఫోన్ చేయొచ్చు.

నమూనా తీసే తీరులోనే సగం ఫలితం ఉంటుంది. కొత్త మందు మొదలుపెట్టకముందే తీయాలి. పాలైతే చన్ను కడిగి తుడిచి, కొన మీద స్పిరిట్ దూది రుద్ది, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, ప్రయోగశాల ఇచ్చిన సీసాలోకి ఏటవాలుగా పట్టి పిండాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. ఐస్ మధ్యలో పెట్టి అదే రోజు చేర్చండి. రిపోర్టు వచ్చాక దాన్ని నోటుబుక్కులో ఆ ఆవు పేజీకి అంటించండి, ఈసారి ఏ డాక్టరు వచ్చినా సీసా తెరవకముందే ఆ పేజీ చూపించండి.